గాలం వేసే చేతికీ, ఖర్చు పెట్టే చేతికీ: చేయవలసినవి – చేయకూడనివి

చేపను ప్రాణంతో నీళ్ళలోకి వదిలేవాళ్ళు మన చెరువుల దగ్గర రెండు రకాలు. పట్టిన చేప చిన్నదనో, గుడ్లతో ఉందనో తిరిగి వదిలేసే గాలంవాళ్ళు ఒకరు. ప్రభుత్వ సొమ్ముతో చేప పిల్లలు తెచ్చి వదిలే మత్స్యశాఖవాళ్ళు రెండోవారు. ఇద్దరూ ఎన్ని వదిలామన్నదే చెప్పుకుంటారు. వాటిలో ఎన్ని బతికాయని అడిగితే ఇద్దరి దగ్గరా సరైన జవాబు దొరకదు.

చాలా ఏళ్ళుగా గాలం పడుతున్నవాణ్ణి, పన్ను కడుతున్నవాణ్ణి కూడా. ఈ రెండు విధాలా నేను గట్టిగా నమ్మేది ఒకటే. బతికిన చేపే లెక్కలోకి రావాలి. గాలం పట్టేవాడి నేర్పునైనా, ప్రభుత్వం పెట్టే ఖర్చునైనా ఆ కొలతతోనే చూడాలి. ఈ కింద రాసిన జాగ్రత్తలన్నిటికీ ఆధారం ఆ మాటే.

ముందుగా మన ప్రాణం

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదిలారు. నదిలో రాళ్ళ మీద నిలబడి ఉన్న పిల్లలకు గట్టుకు చేరే వ్యవధి లేకపోయింది. వాళ్ళు చేపలు పట్టడానికి వెళ్ళినవాళ్ళు కాదు. కానీ ఆనకట్ట దిగువన గాలం వేసేవాళ్ళు నిలబడేది సరిగ్గా అలాంటి చోటే. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడే రాళ్ళు బయటపడతాయి, గుంటల్లో చేపలు చిక్కుతాయి, మనుషులు లోపలికి దిగుతారు.

చేయవలసినవి:

- డ్యాం, బరాజ్ దిగువన గాలం వేసే ముందు గేట్ల సంగతి అక్కడి సిబ్బందినో, జాలర్లనో అడగండి. సైరన్ వినిపించినా, నీళ్ళ రంగు మారి చెత్తాచెదారం కొట్టుకొస్తున్నా సామాను అక్కడే వదిలేసి గట్టెక్కండి.
- పుట్టి, తెప్ప, పడవ ఏది ఎక్కినా లైఫ్ జాకెట్ వేసుకోండి. ఈత వచ్చినవాళ్ళకూ ఇది వర్తిస్తుంది.
- ఏ చెరువుకు వెళ్తున్నారో, ఏ వైపు గట్టున కూర్చుంటారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి బయల్దేరండి.
- జెల్ల, ఇంగిలాయి లాంటి చేపలను పట్టుకునేటప్పుడు పక్క రెక్కల మొదట్లో ఉండే ముళ్ళను చూసుకోండి. ఇంగిలాయి ముల్లు విషపు ముల్లు. గుచ్చుకుంటే గాయం కడిగి, చెయ్యిని కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. తర్వాత డాక్టరుకు చూపించి, అవసరమైతే టీటీ ఇంజెక్షన్ వేయించుకోండి.
- గాలం విసిరే ముందు వెనక్కి తిరిగి చూడండి. పిల్లలుంటే వాళ్ళకు టోపీ, కళ్ళద్దాలు పెట్టండి.

చేయకూడనివి:

- కరెంటు తీగల కింద రాడ్ ఎత్తకూడదు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే కార్బన్ రాడ్లలో విద్యుత్ బాగా పారుతుంది.
- ఉరుము వినిపించాక గట్టు మీద కూర్చోకూడదు. రాడ్ కింద పెట్టి పక్కా భవనంలోకో, వాహనంలోకో వెళ్ళాలి. చెట్టు కింద నిలబడకూడదు.
- అలుగు, మత్తడి పారుతున్నప్పుడు దాని మీదకు వెళ్ళకూడదు. నీళ్ళు పాదాలు మునిగేంతే ఉన్నా, కింద రాతికి పాచి పట్టి ఉంటుంది.
- పూడిక మట్టి తవ్విన చెరువులో లోతు తెలియకుండా దిగకూడదు. మోకాలి లోతు నీళ్ళ పక్కనే నిలువెత్తు గుంత ఉంటుంది. నీళ్ళు నిండాక అది కనిపించదు.
- గాలం వేలిలోకి ఎదురు ముల్లు దాకా దిగితే గుంజకూడదు. దారం కత్తిరించి ఆసుపత్రికి వెళ్ళాలి.

అనుమతి

చెరువు ఊరిదే అయినా, అందులోని చేపల మీద హక్కు చాలాచోట్ల మత్స్య సహకార సంఘానిది. ఆ చేపల మీద బతికే కుటుంబాలు ఊళ్ళోనే ఉంటాయి. సరదాకు వచ్చినవాళ్ళం మనం. సంఘం పెద్దను కలిసి అడగండి, వాళ్ళు పెట్టిన రుసుము కట్టండి, ఎన్ని పట్టారో వెళ్ళేటప్పుడు చెప్పండి. అభయారణ్యాల పరిధిలో, పక్షుల రక్షిత ప్రాంతాల్లో, తాగునీటి జలాశయాల్లో నిషేధ బోర్డు ఉన్నచోట గాలం తీయకండి. ఎవరూ చూడటం లేదు కదా అన్న ధీమా వద్దు.

గాలం, దారం, ఎర

చేప బతుకుతుందా లేదా అన్నది సగం మన సంచిలోని సామాన్లే తేలుస్తాయి.

చేయవలసినవి:

- వదిలే ఉద్దేశం ఉంటే గాలానికున్న ఎదురు ముల్లును ప్లయర్‌తో నొక్కి చదును చేయండి. దారం బిగువుగా పట్టుకుంటే చేప తప్పిపోదు, విడిపించడం మాత్రం ఒక్క క్షణం పని.
- ఎర మింగే చేపలకు వలయం ఆకారంలో వంగిన సర్కిల్ హుక్ వాడండి. అది ఎక్కువగా మూతి మూలలో పడుతుంది, గొంతులోకి దిగడం తక్కువ. చేప లాగగానే జెర్క్ ఇవ్వకుండా మెల్లగా రీల్ తిప్పితే చాలు.
- చేప బరువుకు తగిన దారం వాడండి. చేపను త్వరగా ఒడ్డుకు తేవడమే దానికి మనం చేసే మొదటి మేలు.
- ముడులు లేని మెత్తటి వలబుట్ట, పొడవు మూతి ప్లయర్, చిన్న కత్తెర ఎప్పుడూ చేతికి అందేలా పెట్టుకోండి.

చేయకూడనివి:

- సన్న దారంతో పెద్ద చేపను చాలాసేపు ఆడించి, అదో గొప్పగా చెప్పుకోకూడదు. పెనుగులాటలో చేప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, రక్తంలో ఆమ్లగుణం పెరుగుతుంది. చూడటానికి ఈదుకుంటూ వెళ్ళిన చేప కొన్ని గంటల తర్వాత చనిపోవచ్చు.
- వదలబోయే చేపలకు మూడు కొక్కేల గాలాలు వాడకూడదు. ఒక కొక్కెం మూతికి పడితే మిగతావి మొప్పకో, కంటికో తగులుతాయి.
- సీసం గుండ్లను నీళ్ళలోకి జారవిడవకూడదు. వాటిని గులకరాళ్ళనుకుని మింగిన హంసలు చనిపోతున్నాయని ఇంగ్లండ్‌లో 1987లో గాలాలకు చాలా సైజుల సీసం గుండ్లను నిషేధించారు. మన చెరువుల మీదా బాతులు, కొంగలు బతుకుతాయి.
- తెగిన నైలాన్ దారం గట్టున పారేయకూడదు. నీటికాకుల కాళ్ళకు, తాబేళ్ళ మెడలకు అది ఉచ్చు అవుతుంది. చుట్టచుట్టి ఇంటికి తెచ్చి, ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయండి.

చేప చేతికొచ్చిన తర్వాత

బొచ్చెనో, రోహునో పొడి తువ్వాలుతో పట్టుకుని, తర్వాత ఆ తువ్వాలును ఎండలో చూడండి. చేప ఒళ్ళు తగిలిన మేర మెరుస్తున్న జిగురు పొర అంటుకుని ఉంటుంది. అది చేప తొడుక్కున్న రక్షణ. సూక్ష్మక్రిములు, బూజు లోపలికి రాకుండా కాపాడేది అదే. ఆ పొర పోయిన చోట కొద్ది రోజుల్లో దూది అంటించినట్టు తెల్లని బూజు లేస్తుంది. అలాంటి మచ్చతో, కొన్నిసార్లు అరచేయి ముద్ర ఆకారంలోనే, తిరిగే చేపలను గాలం పట్టేవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. అది రోగం అనుకుంటాం. చాలాసార్లు అది మన చెయ్యి చేసిన పనే.

ఇక మొప్పలు. ఎర్రటి సన్నని పొరలు వందలకొద్దీ దువ్వెన పళ్ళలా పేర్చి ఉంటాయి. నీళ్ళలో అవి విడివిడిగా తేలుతూ ప్రాణవాయువును పీల్చుకుంటాయి. గాలిలోకి రాగానే ఒకదానికొకటి అంటుకుపోతాయి. చుట్టూ గాలి ఎంత ఉన్నా చేపకు ఊపిరి ఆడదు.

దీని తీవ్రత ఎంతో కెనడాలో ఫెర్గసన్, టఫ్ట్స్ అనే ఇద్దరు పరిశోధకులు రెయిన్‌బో ట్రౌట్ చేపల మీద చేసి 1992లో ప్రచురించిన ప్రయోగం చూపించింది. బాగా అలిసేదాకా తరిమి, నీళ్ళలోంచి బయటికి తీయకుండా వదిలిన చేపల్లో 12 గంటల్లోపు నూటికి 12 చనిపోయాయి. అలాగే అలిసిన చేపలను 30 సెకన్లు గాలిలో ఉంచితే 38 శాతం పోయాయి. 60 సెకన్లు ఉంచితే 72 శాతం. ట్రౌట్ చన్నీటి చేప. మన చేపలకు ఇవే అంకెలు వర్తిస్తాయని చెప్పను. కానీ అలిసిన చేపను గాలిలో ఉంచితే ప్రతి సెకనుకూ ఖరీదుంటుందన్న సంగతి ఏ చేపకైనా ఒకటే. ఫోను తీసి, లాక్ విప్పి, నవ్వి, ఇంకొకటి అని మళ్ళీ నవ్వే సరికి నిమిషం దాటుతుంది.

చేయవలసినవి:

- చేపను ముట్టుకునే ముందు రెండు చేతులూ నీళ్ళలో ముంచండి.
- వీలైనంత వరకు గాలాన్ని నీళ్ళలో ఉంచే విప్పండి. ఫొటో కావాలంటే ఫోను ముందే సిద్ధం చేసుకుని, చేపను పైకెత్తి, పది సెకన్లలోపు తిరిగి నీళ్ళలో దించండి.
- ఒక చెయ్యి తోక మొదట్లో, ఇంకో చెయ్యి పొట్ట కింద పెట్టి అడ్డంగా పట్టుకోండి.
- గాలం గొంతులోకి దిగి కనిపించకపోతే దారాన్ని మూతి దగ్గర కత్తిరించి వదిలేయండి. లోపల కెలికితే మొప్పలు, గుండె చిరిగిపోతాయి. గాలం ఉండిపోయిన చేపలు బతికే అవకాశమే ఎక్కువ.
- వదిలేటప్పుడు వీపు పైకి ఉండేలా నీళ్ళలో పట్టుకోండి. పారే నీళ్ళయితే మూతి ప్రవాహానికి ఎదురుగా ఉంచండి. చేప తోకను తనంతట తానే బలంగా ఊపి మీ చేతిని వదిలించుకునే దాకా ఆగండి.

చేయకూడనివి:

- మొప్పల్లో వేళ్ళు పెట్టి ఎత్తకూడదు. పెద్ద చేపను కింది దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీయకూడదు. నీళ్ళలో తేలే శరీరం అది, దాని బరువును దవడ కీలు మోయలేదు.
- ఎండిన మట్టి మీద, వేడెక్కిన బండ మీద, ఇసుకలో పడేయకూడదు.
- వదిలే చేపను గట్టు మీంచి విసిరేయకూడదు.
- కొర్రమీను గాలి పీల్చుకోగలదు కదా, ఎంతసేపు బయట ఉన్నా ఫర్వాలేదనుకోకూడదు. అది గాలి పీలుస్తుందన్నది నిజమే. కానీ చర్మం ఎండి, జిగురు పోతే దానికీ అదే గతి.

కూరకు ఉంచుకునే చేప

తినడానికి చేపను చంపడంలో నాకు తప్పు కనిపించదు. బాధపెట్టి చంపడంలో కనిపిస్తుంది. కావలసినన్ని చేపలే ఉంచుకోండి. ఉంచుకున్నదాన్ని వెంటనే, కళ్ళకు కాస్త వెనకగా నెత్తి మీద కర్రతో గట్టిగా ఒక్క దెబ్బ కొట్టి చంపండి. తర్వాత మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, చేప బరువుకు సమానంగా ఐసు వేసిన పెట్టెలో పెట్టండి. పెనుగులాడకుండా పోయిన చేప మాంసం గట్టిగా, రుచిగా ఉంటుంది. మొప్పల్లోంచి తాడు గుచ్చి నీళ్ళలో గంటల తరబడి కట్టేయడం, పాలిథిన్ సంచిలో వేసి బండికి తగిలించి ఊపిరాడక పోయేదాకా తిప్పడం మానేయాలి. దయకూ రుచికీ ఇక్కడ దారి ఒక్కటే.

పట్టకూడని చేపలు, పట్టకూడని వేళలు

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. దాని సంసారాన్ని దగ్గరగా చూసినవాళ్ళెవరూ దాన్ని మర్చిపోలేరు. గుడ్లు పొదిగాక వందలాది పిల్లలు నారింజ రంగులో, బంతిలా ఒక్క గుంపుగా నీటి మీదకు వచ్చి బుడగలు వదిలి మళ్ళీ కిందికి పోతుంటాయి. ఆ గుంపు కిందే తల్లీ తండ్రీ కాపలా తిరుగుతుంటాయి. ఆకలితో కాకుండా పిల్లలను కాచుకోవడానికి, దగ్గరకొచ్చిన దేని మీదకైనా అవి విరుచుకుపడతాయి. కప్పబొమ్మ గాలాన్ని సరిగ్గా ఆ గుంపు మీద వేసి ఆ జంటను పట్టడం చాలాచోట్ల జరుగుతోంది. పెద్దవి పోయిన గంటలోనే పిల్లలను పరిగెలు, ఇతర చేపలు, పక్షులు తినేస్తాయి. ఒక్క చేపను పట్టి ఒక కాన్పునంతా చంపినట్టు. పిల్లల గుంపు కనిపిస్తే గాలం వెనక్కి చుట్టేయండి. ఎంత పెద్ద చేపైనా సరే.

మిగతా జాగ్రత్తలు:

- తొలకరి వరదల్లో బొచ్చె, రోహు, మోసు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. కాలువ మూతుల దగ్గర, అలుగుల కింద గుమికూడిన ఆ చేపలను పట్టకండి. జిల్లాలో చేపల వేట నిషేధ దినాలు ప్రకటిస్తే పాటించండి.
- నడివేసవిలో చెరువు అడుగంటినప్పుడు సరదా వేటకు సెలవివ్వండి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ప్రాణవాయువు కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. నీళ్ళు వేడెక్కినకొద్దీ చేపకు కావలసింది పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది.
- నాచు పట్టిన పచ్చని చెరువులో తెల్లవారుజామున ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువ. రాత్రంతా నాచు కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే అది మంచి వేట కాదు, ప్రమాదం. గాలం పక్కన పెట్టి సంఘంవాళ్ళకు ఫోను చేయండి.

చెరువులో వేయకూడనివి

- ఇంట్లో అక్వేరియం చేపలను చెరువులో వదలకూడదు. అద్దాలకు పట్టిన పాచి తింటుందని తెచ్చిపెట్టుకున్న సక్కర్ చేపే ఇప్పుడు జాలర్ల వలలు చింపుతున్న దెయ్యం చేప. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ చేపను ఇక్కడ తినే చేపా లేదు, కొనే మనిషీ లేడు.
- ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను పెంచకూడదు, వదలకూడదు, ఎరగానూ వాడకూడదు. దేశంలో దాని పెంపకం నిషిద్ధం.
- ఒక చెరువు నీళ్ళను, ఎర చేపలను ఇంకో చెరువులో పారబోయకూడదు. రోగాలు అలాగే పాకుతాయి.
- మందుగుండు, విషం, కరెంటు వాడేవాళ్ళతో చేరకూడదు, వాళ్ళ చేప కొనకూడదు. మందుగుండునూ విషాన్నీ 1897 నాటి చేపల చట్టమే నేరాలుగా ప్రకటించింది. ఆ మూల చట్టంలోని శిక్ష రెండు నెలల దాకా జైలు లేదా 200 రూపాయల దాకా జరిమానా. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం.

ప్రభుత్వ ఖర్చు: ఇక్కడా అదే కొలత

మన చేపల మీద ప్రభుత్వాలు ఖర్చు పెట్టడం లేదని ఎవరూ అనలేరు. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు 2006 నుంచి హైదరాబాద్ కేంద్రంగానే పనిచేస్తోంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనకు కేంద్రం, రాష్ట్రాలు, లబ్ధిదారుల వాటాలు కలిపి 20,050 కోట్ల రూపాయల అంచనా వేశారు. తెలంగాణలో 2016-17 నుంచి చెరువులకు ఉచితంగా చేప పిల్లలు పంపిణీ చేస్తున్నారు. వేసవిలో ఎండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్ళుండే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు అని నిర్ణయించారు. ఆలోచన సరైనదే. ఏటా ఎండే చెరువులో వేటాడే చేపలు తక్కువ, చిన్న పిల్ల కూడా నెగ్గుకొస్తుంది. జలాశయంలో వాలుగలు, కొర్రమీనులు ఎప్పుడూ కాచుకుని ఉంటాయి. అక్కడ వేలెడంత పిల్లకే బతుకు.

నా అభ్యంతరం డబ్బు పెట్టడం మీద కాదు, దాన్ని కొలిచే తీరు మీద. వదిలిన పిల్లల సంఖ్యనే విజయంగా చూపిస్తున్నంత కాలం, గుత్తేదారుకు సంఖ్య ముఖ్యం అవుతుంది, పిల్ల ఆరోగ్యం కాదు. చేప పిల్లల సంచిలో మూడోవంతు నీళ్ళు, మిగతాది ఆక్సిజన్. దూరం నుంచి వచ్చిన సంచిలోని నీళ్ళు ఒక వేడిలో ఉంటాయి, చెరువు నీళ్ళు ఇంకో వేడిలో. సంచిని మూతి విప్పకుండా పావుగంట చెరువు నీటి మీద తేలనిచ్చి, తర్వాత కొద్దికొద్దిగా చెరువు నీళ్ళు లోపలికి పోసి, పిల్లలను వాటంతట అవి బయటికి ఈదనివ్వాలి. అతిథులు, కెమెరాలు, మిట్టమధ్యాహ్నపు ఎండ ఉన్నచోట సంచి మూతి విప్పి ఒక్కసారిగా కుమ్మరిస్తారు. పైసా ఖర్చు లేని ఆ పావుగంటను ఆదా చేసి, లక్షలు పెట్టి కొన్న పిల్లలను పోగొట్టుకుంటాం. గాలం పట్టేవాడు ఫొటో కోసం చేపను నిమిషంపాటు ఎత్తి పట్టుకోవడమూ, ఇదీ ఒకే తప్పు.

ప్రభుత్వం చేయవలసినవి:

- చేప పిల్లలు చెరువులు నిండగానే చేరాలి. టెండర్లు వేసవిలోనే ముగించాలి. అక్టోబరులో వదిలిన పిల్లకు పెరిగే కాలం మిగలదు, పైగా చలి వచ్చేస్తుంది.
- బిల్లులో కొంత మొత్తం ఆపి ఉంచి, కొన్ని నెలల తర్వాత పరీక్ష వల వేసి, పిల్లలు నిలిచాయని సంఘం సభ్యులు సంతకం చేశాకే చెల్లించాలి.
- దూరం నుంచి లారీల్లో తేవడం కన్నా, పెద్ద చెరువుల ఒడ్డునే సంఘాలకు నర్సరీ గుంటలు తవ్వించి, చిన్న పిల్లలిచ్చి, అక్కడే వేలెడంత దాకా పెంచుకునేలా డబ్బు ఇవ్వాలి. ప్రయాణపు చావులు తగ్గుతాయి, డబ్బూ ఊళ్ళోనే ఉంటుంది.
- చెరువు పూడిక తీసేటప్పుడు వేసవికి చేప తలదాచుకునే లోతు మడుగు ఒకటి ఉంచాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ లాంటి పనుల్లో చేపకూ ఒక పద్దు ఉండాలి.
- ప్రతి మండలంలో ప్రాణవాయువు కొలిచే మీటరు, దాన్ని వాడటం వచ్చిన మనిషి ఉండాలి. పటాన్‌చెరు దగ్గరి గండిగూడెం చెరువులో 2017లో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. చచ్చాక పరిహారం లెక్కకట్టే బదులు, నీళ్ళు చెడుతున్నప్పుడే పసిగట్టే ఖర్చు ఎంతో తక్కువ.
- ఆనకట్టలు కట్టేటప్పుడే చేపకు దారి ఇవ్వాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పులస చేపకు గోదావరిలో ఎగువకు ఎదురీదే దారి తెగింది. పోలవరం స్పిల్‌వేలో ఫిష్ లాడర్‌కు చోటిచ్చారు. మంచి పని. అది కట్టి ఊరుకుంటే చాలదు. చేపలు దాన్ని నిజంగా ఎక్కుతున్నాయో లేదో ఏటా లెక్కించి ప్రకటించాలి.
- డ్యాంల దిగువన సైరన్లు, హెచ్చరిక బోర్డులు, లైఫ్ జాకెట్లు కూడా మత్స్య ఖర్చుగానే చూడాలి. జాలరి ప్రాణమూ ఈ లెక్కలోదే.

ప్రభుత్వం చేయకూడనివి:

- వదిలిన కోట్ల సంఖ్యను విజయంగా ప్రకటించకూడదు. ఆ చెరువులో ఆ ఏడు ఎన్ని టన్నులు పట్టారో పక్కనే రాయకుండా అసలు ప్రకటించకూడదు.
- అన్ని చెరువుల్లోకీ అవే మూడు నాలుగు రకాల పిల్లలను గుడ్డిగా పోయకూడదు. పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు, ఇంగిలాయిలు మన నీళ్ళ సొంత చేపలు. వాటికి కావలసింది కొత్త పిల్లలు కాదు, గుడ్లు పెట్టుకునే తుంగ అంచు, విషం లేని నీళ్ళు.
- ఐసు, ఆరబెట్టే బల్లలు, శుభ్రమైన మార్కెట్టు లేనిచోట ముందు వాహనాలు పంచకూడదు. పట్టిన చేప కుళ్ళిపోతే పెంచిన ఖర్చంతా దానితోపాటే పోతుంది.

గాలం పట్టేవాళ్ళను కూడా ఈ ఖర్చులో భాగస్వాములను చేయమని నేను కోరతాను. అమెరికాలో 1950లో వచ్చిన డింగెల్-జాన్సన్ చట్టం రాడ్లు, రీళ్ళ లాంటి సామాను మీద వేసే 10 శాతం పన్నును చేపల సంరక్షణకు మళ్ళించింది. ఆ డబ్బును చేపల వేట లైసెన్సు కొన్నవాళ్ళ సంఖ్యను, రాష్ట్ర విస్తీర్ణాన్ని బట్టి పంచుతారు. లైసెన్సు రుసుమును వేరే పనులకు మళ్ళించే రాష్ట్రానికి ఆ వాటా అందదు. అక్కడ స్థిరపడి వారాంతాల్లో సరస్సులకు వెళ్ళే మన తెలుగువాళ్ళు లైసెన్సును వేధింపుగా చూడకూడదు. అది ఆ సరస్సులో చేప ఉండటానికి కట్టే వాటా. ఇక్కడా అలాంటి రుసుము పెడితే మొదట కట్టేవాళ్ళలో నేనుంటాను. ఒకటే షరతు. ఆ డబ్బు ఆ చెరువుకే, ఆ సంఘానికే తిరిగి రావాలి.

గాలం పట్టేవాళ్ళు కాపలాదారులు కాగలరని కావేరి చూపించింది. కర్ణాటకలో 1972లో ఏర్పడిన దక్షిణ భారత వన్యప్రాణి సంఘం, మహశీర్ చేపలను పట్టి వదిలే పద్ధతిని అక్కడ నిలబెట్టింది. రుసుముతో స్థానికులకు గైడ్లుగా, కాపలాదారులుగా పని దొరికింది. ఆ నదిలోని మూపురపు మహశీర్ 2018లో ప్రపంచ ప్రమాద జాబితాలో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల కిందికి చేరింది. దాన్ని బతికించాలంటే నది పక్కన రోజూ ఉండే కళ్ళు కావాలి.

మనం చేయవలసిన చివరి పని

పట్టిన ప్రతి చేపను ఒక నోటుపుస్తకంలో రాయండి. తేదీ, చెరువు పేరు, ఏ చేప, ఎన్ని అంగుళాలు, ఉంచుకున్నారా వదిలారా, వదిలినప్పుడు బలంగా వెళ్ళిందా, ఒంటి మీద మచ్చలు, గాయాలు ఉన్నాయా. వాటితోపాటు మీ చెరువుకు ఏ నెలలో ఎన్ని పిల్లలు వచ్చాయి, ఏ సైజు, ఎంత ఖర్చు, తర్వాత ఎంత పట్టుబడి వచ్చింది అని సమాచార హక్కు చట్టం కింద మత్స్యశాఖను అడగండి. 2005 నాటి ఆ చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, సంఘం సమావేశంలోనో, గ్రామసభలోనో చదివి వినిపించండి. నిరుడు వదిలిన పిల్లలు ఈ ఏడు మీ గాలాలకు, జాలర్ల వలలకు పడుతుంటే ఆ ఖర్చును మెచ్చుకుని ఇంకా పెంచమని తీర్మానం చేయించండి. పడకపోతే ఎందుకు పడలేదో తేల్చేదాకా వచ్చే ఏటి బిల్లు చెల్లించవద్దని తీర్మానం చేయించండి.